బస్సు ఢీకొట్టిన లారీ: శీర్షికల్లోని సందిగ్ధతను పసిగట్టడం ఎలా నేర్పాలి?

సంక్షిప్తంగా: చోటు చాలక పత్రికా శీర్షికలు ప్రత్యయాలను, క్రియలను, చిన్న చిన్న పదాలను వదిలేస్తాయి. ఆ ఖాళీలోంచే రెండో అర్థం దూరుతుంది. ఇంగ్లిష్‌లో అది ఒక సందులోంచి వస్తే తెలుగులో మరో సందులోంచి వస్తుంది. అందుకే ఒక భాషకు అలవాటుపడిన కన్ను రెండో భాషలో దాన్ని పట్టలేకపోతుంది. శీర్షికను సొంత భాషలోకి మార్చి చూడటం దీనికి మంచి ఉపాయం. రెండు భాషలూ ఒకేచోట తడబడినప్పుడు మాత్రం ఆ ఉపాయం పారదు. అక్కడ ప్రశ్నలు వేయడమే దారి.

“బస్సు ఢీకొట్టిన లారీ డ్రైవర్ పరారీ.” అయిదు మాటల శీర్షిక. అందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవారు కూడా నిఘంటువు తెరవకుండా చదివేస్తారు. ఇంతకీ ఎవరు ఎవరిని ఢీకొట్టారు?

లారీ వెళ్లి బస్సును ఢీకొట్టింది, లారీ డ్రైవర్ పారిపోయాడు అన్నది ఒక అర్థం. బస్సే వచ్చి లారీని ఢీకొట్టింది, ఆ లారీ నడుపుతున్నవాడు ఎందుకో పారిపోయాడు అన్నది రెండోది. బస్సు ఢీకొట్టింది డ్రైవర్‌నే, అతడే లేచి పరుగెత్తాడు అన్న మూడో అర్థాన్ని కూడా వ్యాకరణం కాదనదు. తెలుగు మాతృభాషగా ఉన్నవారు వీటిలో మొదటిదాన్నే తీసుకుంటారు. తప్పు చేసినవాడే పారిపోతాడన్న లోకజ్ఞానం వారి చేత అలా చదివిస్తుంది. చిత్రమేమిటంటే, “బస్సు ఢీకొట్టిన లారీ” అన్నంతవరకే చూపిస్తే వారిలో చాలామంది బస్సే ఢీకొట్టిందని చెబుతారు. చివరి మాట వచ్చి మొదటి మాటల పొందికను మార్చేసింది. ఆ మార్పు చదివేవారికి తెలియకుండానే జరిగిపోయింది.

భాష నేర్చుకునేవారికి ఈ సర్దుబాటు తనంతట తాను జరగదు. మొదట తట్టిన అర్థం దగ్గరే వారు ఆగిపోతారు. అది తప్పయినా, తప్పని చెప్పే గంట ఎక్కడా మోగదు. భాషా తరగతుల్లో పత్రికా శీర్షికలను పాఠంగా పెట్టడం వెనుక ఉన్న అసలు కారణం ఇదే.

ఏది సందిగ్ధత, ఏది కాదు

నేర్పేముందు మూడు విషయాలను విడదీయాలి. “త్వరలో ధరల తగ్గింపు” అన్న శీర్షిక అస్పష్టం. ఎప్పుడో, ఎంతో చెప్పలేదు. అంతమాత్రాన దానికి రెండు అర్థాలు లేవు. చిన్న విషయాన్ని పెద్దది చేసి చూపే శీర్షిక తప్పుదోవ పట్టించేది. దాని అర్థం ఒక్కటే, అది వార్తకు సరిపోదు. సందిగ్ధత వేరు. ఒకే వరుసలో ఉన్న మాటలకు రెండు పొందికలు కుదరాలి. ఒక పొందిక ప్రకారం వార్త నిజమై, రెండో పొందిక ప్రకారం అబద్ధమయ్యే వీలుండాలి. తరగతిలో వాడదగిన పరీక్ష ఈ చివరిదే. అది లేకపోతే అర్థంకాని ప్రతి శీర్షికనూ విద్యార్థులు సందిగ్ధమని రాసేస్తారు.

కావాలని చేసే శ్లేష కూడా ఇందులోకి రాదు. ఒకే పద్యంలో రెండు కథలు నడిపిన ద్వ్యర్థి కావ్యాల సంప్రదాయం తెలుగుకు ఉంది. అక్కడ రెండో అర్థం కవి కష్టార్జితం. శీర్షికలో అది చూపు తప్పి మిగిలిపోయినది.

మాటల నుంచి అర్థం ఎలా తెలుస్తుందో వివరించే భారతీయ శాబ్దబోధ సిద్ధాంతం వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలంటుంది. ఒక పదం మరో పదాన్ని కోరాలి, ఆ రెండింటి అర్థాలు లోకంలో పొసగాలి, అవి దగ్గరదగ్గరగా ఉండాలి. వీటికి తోడు తాత్పర్యం, అంటే చెప్పేవారి ఉద్దేశం. “సైంధవం తీసుకురా” అన్నది దీనికి పాత ఉదాహరణ. సైంధవమంటే ఉప్పూ, గుర్రమూ కూడా. భోజనం దగ్గర అడిగితే ఒకటి, ప్రయాణానికి సిద్ధమవుతూ అడిగితే మరొకటి. శీర్షిక చదివేవారికి అడిగిన మనిషి ఎదురుగా ఉండడు, సందర్భం కింద వార్తలో ఉంటుంది. మిగిలేవి సన్నిధి, యోగ్యత. లారీ శీర్షికలో సన్నిధి ఒకవైపు లాగింది, యోగ్యత మరోవైపు లాగి గెలిచింది.

చోటు తక్కువ, పని ఎక్కువ

వార్త రాసేది విలేకరి. శీర్షిక పెట్టేది సాధారణంగా డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్. ఎన్ని కాలమ్‌లలో, ఎన్ని వరుసల్లో ఇమడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. శీర్షిక పెట్టేవారు అప్పటికే వార్తంతా చదివి ఉంటారు కనుక వారికి ఒక్క అర్థమే కనిపిస్తుంది. పాఠకులు మాత్రం శీర్షికనే ముందు చూస్తారు. సందిగ్ధ శీర్షికలు ఇన్ని పుట్టడానికి అజాగ్రత్తకన్నా ఈ తలకిందుల వరుసే పెద్ద కారణం.

ఇంగ్లిష్ శీర్షికల భాషకు ప్రత్యేక వ్యాకరణం ఉందని స్విట్జర్లాండ్ పండితుడు హైన్రిక్ స్ట్రౌమన్ 1935లోనే చర్చించారు. ఎ, యాన్, ద అనే ఆర్టికల్స్ పోతాయి, ‘ఈజ్’, ‘ఆర్’ లాంటి సహాయక క్రియలు పోతాయి. జరిగిపోయిన సంగతికి వర్తమాన క్రియ, జరగబోయేదానికి ‘టు’ చేర్చిన క్రియ వాడతారు. ‘అండ్’ బదులు కామా పెడతారు. ఒకరి ఆరోపణను తమ మాటగా చెప్పకుండా ఉండటానికి దాని చుట్టూ కొటేషన్ గుర్తులు పెడతారు. తెలుగు శీర్షికలకూ ఇలాంటి మర్యాదలున్నాయి. క్రియకు బదులు మృతి, అరెస్ట్, కొట్టివేత వంటి నామవాచకంతో ముగించడం, మాట చెప్పినవారి పేరును కోలన్ తర్వాత పెట్టడం, ఇంకా ఖరారు కాని కబురుకు ఆశ్చర్యార్థకమో ప్రశ్నార్థకమో తగిలించడం అలాంటివే. “త్వరలో మంత్రివర్గ విస్తరణ!” అన్నప్పుడు అక్కడ ఆశ్చర్యం ఏమీ లేదు, ‘అంటున్నారు’ అన్న మాట మాత్రమే ఉంది. పాఠ్యపుస్తకాలు ఈ గుర్తుకు చెప్పే అర్థం వేరు.

ఇంగ్లిష్‌లో తలుపు: నామవాచకమా, క్రియా?

ఇంగ్లిష్‌లో లెక్కలేనన్ని పదాలు ఏ మార్పూ లేకుండా నామవాచకాలుగానూ క్రియలుగానూ పనిచేస్తాయి. పైగా బహువచనానికీ, వర్తమానంలో ఏకవచన కర్తకు చేరే క్రియకూ ఒకే ‘ఎస్’ వస్తుంది. మామూలు వాక్యంలో ఆర్టికల్స్ కాపలా కాస్తాయి కనుక చిక్కు రాదు. శీర్షికలో ముందుగా పోయేవి అవే.

“యూనియన్ డిమాండ్స్ ఇంక్రీజ్” అనే మూడు మాటలు చూడండి. ‘డిమాండ్స్’ను క్రియగా తీసుకుంటే యూనియన్ పెంపు కోరుతోంది. నామవాచకంగా తీసుకుంటే యూనియన్ కోర్కెలు పెరుగుతున్నాయి. ఒక పదం వేషం మార్చగానే పక్కనున్న పదమూ మార్చక తప్పదు. రెండు అర్థాలూ ఒకే రోజు పత్రికలో నిజమయ్యేంత సహజమైనవి. నోటితో చదివితే ‘ఇంక్రీజ్’లో ఊనిక నామవాచకానికి మొదటి అక్షరం మీద, క్రియకు రెండోదాని మీద పడి గుట్టు బయటపడుతుంది. అచ్చులో ఊనిక ఉండదు.

ఈ తరహా శీర్షికల్లో ఒకటి ఏకంగా ఆ జాతికే పేరైంది. 1985లో 520 మంది మరణించిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమాన ప్రమాదంలో తండ్రిని కోల్పోయిన ఒక వయొలిన్ కళాకారిణి రాణిస్తున్నారని చెబుతూ 2009లో జపాన్‌కు చెందిన ఇంగ్లిష్ వార్తా సంస్థ ఒకటి శీర్షిక పెట్టింది: “వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్”. చివరి పదం క్రియ. చదివినవారు దాన్ని ముందున్న ‘క్రాష్’తో కలిపి ‘ప్రమాదపు పూలు’ అనుకుని, అవేమిటా అని తలపట్టుకున్నారు. అప్పటినుంచి ఇలా కాలు జారే శీర్షికలను ఇంగ్లిష్ సంపాదకులు ‘క్రాష్ బ్లాసమ్స్’ అంటున్నారు. నిజానికి ఇందులో చివరిదాకా నిలిచే అర్థం ఒక్కటే. ‘యూనియన్ డిమాండ్స్’ అంతకన్నా జిత్తులమారిది. దాని దగ్గర ఎవరూ తడబడరు, అందుకే ఎవరూ రెండోసారి చూడరు.

ఇంగ్లిష్ విభక్తిలాంటి చిన్న పదాలదీ ఇదే తీరు. “పోలీస్ వార్న్ డ్రైవర్స్ ఆన్ ఫోన్స్” అంటే ఫోన్లలో మాట్లాడుతున్న డ్రైవర్లను హెచ్చరించారా, ఫోన్ల విషయమై డ్రైవర్లను హెచ్చరించారా, ఫోన్ల ద్వారా హెచ్చరించారా? ‘ఆన్’ మూడింటికీ సరిపోతుంది.

తెలుగులో తలుపు: జారిపోయిన ‘ను’

తెలుగు చదువరికి ఈ రకం చిక్కు అలవాటు లేదు. తెలుగు క్రియ తోకతో వస్తుంది. కోరింది, కోరారు, పెరిగాయి అంటే కర్త ఎవరో కొంత తెలిసిపోతుంది. నామవాచకం వెంట విభక్తి ఉంటుంది. అందుకని మాట చివర చూసి అర్థం చేసుకోవడానికి కన్ను అలవాటుపడుతుంది. ఇంగ్లిష్‌లో అలా చూడటానికి చివర ఏమీ ఉండదు, ఉన్నా ఆ ‘ఎస్’ ఎటూ తేల్చదు. వరుసే అక్కడ వ్యాకరణం.

తెలుగులో సందిగ్ధత ఆ తోక ఊడిన చోట పుడుతుంది. ప్రాణం లేని వస్తువు కర్మ అయితే ‘ను’ ఉండొచ్చు, లేకపోవచ్చు. ‘పుస్తకం చదివాడు’ అన్నా ‘పుస్తకాన్ని చదివాడు’ అన్నా ఒకటే. పుస్తకం మనిషిని చదవదు కనుక పేచీ లేదు. బస్సు, లారీ రెండూ ఒకదాన్నొకటి ఢీకొట్టగలవు. అక్కడే మొదటి శీర్షిక రెండుగా చీలింది.

రెండో చీలిక ధాతుజ విశేషణాలది. ‘కొట్టిన’, ‘వచ్చిన’, ‘ఉన్న’ లాంటివి తెలుగులో నామవాచకానికి ముందు వస్తాయి. తర్వాత రెండు నామవాచకాలుంటే ఏది దానిది? “బాల్కనీలో ఉన్న నటి కార్యదర్శిపై కాల్పులు” అన్నప్పుడు బాల్కనీలో నిలబడింది నటో, కార్యదర్శో తేలదు. దాదాపు ఇదే వాక్యం భాషాశాస్త్రంలో ప్రసిద్ధం. ఫెర్నాండో క్వేటోస్, డాన్ మిచెల్ 1988లో ఇలాంటి వాక్యాలను ఇంగ్లిష్, స్పానిష్ మాట్లాడేవారికి ఇచ్చి చూశారు. ఇంగ్లిష్‌వారు బాల్కనీలో ఉన్నది నటి అనీ, స్పానిష్‌వారు ఆమె దగ్గర పనిచేసే మనిషి అనీ ఎక్కువగా చెప్పారు. వాక్యంలోని మాటల వరుస రెండు భాషల్లోనూ ఒకటే. అలవాటు మాత్రం వేరు. 2003లో డెస్పినా పాపడోపులు, హరాల్డ్ క్లాసెన్ గ్రీకు నేర్చుకుంటున్నవారిని పరీక్షిస్తే, వారు బాగా నేర్చినవారైనా గ్రీకువారి మొగ్గు వారిలో కనిపించలేదు. సొంత భాషల్లో అదే మొగ్గు ఉన్నా అది వెంట రాలేదు. వ్యాకరణం పూర్తయ్యాక కూడా మిగిలిపోయే పాఠం ఒకటుందన్నమాట.

మిగిలినవి చకచకా చూడొచ్చు. “ఉపాధ్యాయుల ఎంపికపై అసంతృప్తి” అంటే ఉపాధ్యాయులను ఎంపిక చేసిన తీరు నచ్చలేదా, ఉపాధ్యాయులు ఎంచుకున్నది నచ్చలేదా? షష్ఠి రెండింటికీ తలూపుతుంది. “పాత పుస్తకాల దుకాణంలో మంటలు” అంటే పాతవి పుస్తకాలా, దుకాణమా? “సోమవారం సమ్మె విరమిస్తామన్న ఉద్యోగులు” అంటే సోమవారం అన్నారా, సోమవారం విరమిస్తారా? “వ్యాపారి ఇంటిపై దాడి” అన్నప్పుడు వచ్చింది అధికారులో దుండగులో తెలియదు. తెలుగు పత్రికల్లో ‘దాడి’ సోదాకూ కొట్లాటకూ ఒకే పదం. ‘ఐటీ అధికారి’ ఆదాయపు పన్ను శాఖలోనైనా ఉండొచ్చు, సమాచార సాంకేతిక శాఖలోనైనా ఉండొచ్చు.

బాగా తెలిసినవారికే కనబడదు

సందిగ్ధతను గుర్తించడం భాష తెలియడంతో పాటు ఉచితంగా వచ్చే శక్తి కాదు. థామస్ షుల్ట్జ్, రాబర్ట్ పైలన్ 1973లో పిల్లలను పరీక్షించినప్పుడు, ధ్వనివల్ల వచ్చే రెండర్థాలను ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య బాగా పట్టుకోగలుగుతున్నారని, వాక్య నిర్మాణం వల్ల వచ్చేవాటిని పన్నెండేళ్ల ప్రాంతం వరకు పట్టలేకపోతున్నారని తేలింది. పన్నెండేళ్ల నాటికి మాట్లాడటం ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. మాట్లాడటం వేరు, మాటను బల్లమీద పెట్టి చూడటం వేరు.

పెద్దవారిలోనూ అన్నీ ఒకే వేగంతో కనబడవు. డొనాల్డ్ మెకే, థామస్ బెవర్ 1967లో జరిపిన ప్రయోగంలో పదానికి రెండర్థాలున్నవాటిని అన్నిటికన్నా త్వరగా పట్టుకున్నారు. పదాల గుంపు మారితే వచ్చేవాటికి ఎక్కువ సేపు పట్టింది. కర్త, కర్మల లోపలి సంబంధం మారే వాక్యాలకు అంతకన్నా ఎక్కువ పట్టింది.

ఈ వరుసను అలాగే పాఠ్యప్రణాళికగా మార్చేయడం సాధారణంగా జరిగే పొరపాటు. అది మాతృభాషీయుల వరుస. రెండో భాష నేర్చుకునేవారి పరిస్థితి తిరగబడి ఉండే అవకాశం ఎక్కువ. పదానికి రెండర్థాలున్నాయని పట్టుకోవాలంటే ఆ రెండూ ముందే తెలిసి ఉండాలి. ‘దాడి’ అంటే కొట్లాట అని మాత్రమే నేర్చుకున్న విద్యార్థికి “వ్యాపారి ఇంటిపై దాడి” ఎన్నిసార్లు చూపినా ఒకే అర్థం ఇస్తుంది. అది సందిగ్ధతా పాఠం కాదు, పదజాలం పరీక్ష. నిర్మాణం వల్ల వచ్చే చిక్కులకు మాత్రం చిన్న పదజాలం చాలు. బస్సు, లారీ, కొట్టు తెలిస్తే సరిపోతుంది. కాబట్టి తొలి మెట్లలో ఉన్నవారికి నిర్మాణపు చిక్కులే ముందు, పదాల చిక్కులు తర్వాత అన్నది తార్కికంగా నిలిచే వరుస.

సొంత భాషే పనిముట్టు

రెండో భాష తరగతిలో మాతృభాషను గుమ్మం బయటే ఆపేయాలన్న పట్టుదల చాలాచోట్ల ఉంది. ఈ ఒక్క పాఠంలోనైనా ఆ పట్టుదల నష్టమే చేస్తుంది. ఒక భాషలో చెప్పకుండా దాటవేయగలిగినదాన్ని మరో భాష తప్పనిసరిగా చెప్పమంటుంది. అనువదిస్తున్న చేయి ఎక్కడ ఆగిపోతుందో అక్కడే సందిగ్ధత ఉంటుంది.

“యూనియన్ డిమాండ్స్ ఇంక్రీజ్”ను తెలుగులో రాయమంటే విద్యార్థి ‘కోరుతోంది’ అనో ‘పెరుగుతున్నాయి’ అనో రాసి తీరాలి. మధ్యేమార్గం తెలుగు ఇవ్వదు. “బస్సు ఢీకొట్టిన లారీ”ని ఇంగ్లిష్‌లో రాయమంటే ఏ వాహనాన్ని ముందు పెట్టాలో, ‘బై’ అవసరమో కాదో తేల్చుకోవాలి. తరగతిలో సగం మందికి తెలియకుండా ఒకరకంగా, మిగతా సగానికి మరోరకంగా అనువాదం వస్తే మంచిది. ఎవరిది తప్పని అడగకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి, మూలంలో ఏ మాట, లేదా ఏ మాట లేకపోవడం ఇద్దరికీ చోటిచ్చిందో వెతికించాలి. గుర్తింపు అక్కడ మొదలవుతుంది.

ఈ పద్ధతికి ఒక గుడ్డి మూల ఉంది. రెండు భాషలూ ఒకేచోట సందిగ్ధమైతే చేయి ఆగదు. “ఇద్దరు మంత్రుల కుమారులకు నోటీసులు” ఇంగ్లిష్‌లోకి అలాగే జారిపోతుంది. ఇద్దరు మంత్రులా, ఇద్దరు కుమారులా అన్నది ఇంగ్లిష్ షష్ఠి కూడా తేల్చదు. ఇంకా గట్టి ఉదాహరణ “ఒత్తిడి వల్ల రాజీనామా చేయలేదు: మాజీ కార్యదర్శి”. రాజీనామా చేశారు, కారణం మాత్రం ఒత్తిడి కాదు అన్నది ఒక అర్థం. ఒత్తిడి రావడంతో రాజీనామా మానుకున్నారు అన్నది రెండోది. మనిషి పదవిలో ఉన్నాడా లేదా అన్న మౌలిక విషయమే తారుమారవుతుంది. ‘మాజీ’ అన్న ఒక్క మాట మొదటి అర్థం వైపు నెడుతుంది. అది తీసేసి ‘కార్యదర్శి’ అని మాత్రమే ఉంచితే పాఠకులకు పట్టు దొరకదు. ఇంగ్లిష్‌లో ‘నాట్’, ‘బికాజ్’ కలిసినప్పుడూ సరిగ్గా ఇదే చిక్కు.

ఇలాంటివాటికి అనువాదం బదులు ప్రశ్న కావాలి. రాజీనామా జరిగిందా, లేదా? నోటీసులు ఎంతమందికి? ఢీకొట్టింది ఏది? సోమవారం ఏం జరుగుతుంది? శీర్షికను చూసి అవుననో కాదనో చెప్పాల్సిన ప్రశ్నలు విద్యార్థులే తయారుచేసి, ఒకరివి మరొకరికి ఇవ్వాలి. జవాబులు కలవనప్పుడు సంగతి బయటపడుతుంది. ‘ఈ శీర్షికలో ఏం తేడా ఉంది?’ అన్న బడి ప్రశ్నకన్నా ఇది పదునైనది, ఎందుకంటే తేడా ఉందని ముందే ఒప్పేసుకోదు.

దిద్దినప్పుడే తెలిసినట్టు

మార్కులు గుర్తించినందుకు కాక దిద్దినందుకు ఇవ్వాలి. పైగా దిద్దిన శీర్షిక పాతదానంత చోటులోనే ఇమడాలి, లేకపోతే అందరూ పెద్ద వాక్యం రాసి బయటపడతారు. “బస్సును ఢీకొట్టిన లారీ.. డ్రైవర్ పరారీ” అంటే ఒక ‘ను’, రెండు చుక్కలతో పని జరిగిపోయింది. “సమ్మె సోమవారం విరమిస్తాం: ఉద్యోగులు” అంటే రోజును దాని క్రియ పక్కకు జరిపితే చాలింది. తెలుగులో మాటల వరుసకు ఉన్న స్వేచ్ఛ ఇక్కడ పనికొస్తుంది. “రాజీనామాకు ఒత్తిడి కారణం కాదు” అని తిరగరాస్తే అనుమానం పోయింది.

ఇంగ్లిష్ దిద్దుబాటులో మరో ముడి ఉంది. ‘డిమాండ్స్’ బదులు ‘సీక్స్’ పెడితే అది క్రియ తప్ప మరేమీ కాలేదు. రెండక్షరాలు కలిసొచ్చాయి కూడా. రెండో అర్థమే ఉద్దేశమైతే విద్యార్థులు సాధారణంగా ‘ఇంక్రీజ్’ తీసేసి ‘రైజ్’ పెడతారు. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ‘రైజ్’ అంటే జీతం పెంపు కూడా కావడంతో చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. ‘గ్రో’ అయితేనే తెగుతుంది. ఒక మాటకు సమానార్థకం తెలిస్తే చాలదని, అది ఎన్ని వేషాలు వేయగలదో కూడా తెలియాలని చెప్పడానికి ఇంతకన్నా పొట్టి పాఠం దొరకదు.

ఇచ్చే శీర్షికల్లో కనీసం సగం ఏ సందిగ్ధతా లేనివై ఉండాలి. అన్నీ చిక్కువే ఇస్తే విద్యార్థులు పసిగట్టడం నేర్చుకోరు, అనుమానించడం నేర్చుకుంటారు. ప్రతి వాక్యంలోనూ పాము కనిపించే చదువరి కూడా పనికిరాడు. జోకుల సంకలనాలతో ఇబ్బంది ఇక్కడే. “స్క్వాడ్ హెల్ప్స్ డాగ్ బైట్ విక్టిమ్” అన్న ప్రసిద్ధ ఇంగ్లిష్ శీర్షికలో కుక్క కరిచినవారికి సాయం చేశారన్నది ఒక అర్థం, బాధితుణ్ని కరవడానికి కుక్కకు సాయపడ్డారన్నది రెండోది. నవ్వొస్తుంది, కానీ రెండో అర్థాన్ని ఎవరూ నమ్మరు. యోగ్యతే దాన్ని తోసేస్తుంది. అందరినీ నవ్వించిన శీర్షిక ఎవరినీ మోసగించదు. మోసగించేవి రెండు అర్థాలూ నమ్మదగినవే. అవి సంకలనాలకెక్కవు, ఆనాటి పత్రికలోంచే ఏరుకోవాలి.

వార్త నుంచి విడిపోయిన శీర్షిక

అచ్చు పత్రికలో శీర్షిక కింద ఉపశీర్షిక, బొమ్మ, మొదటి పేరా ఉంటాయి. కన్ను రెండంగుళాలు దిగితే అనుమానం తీరుతుంది. ఫోను తెరమీద నోటిఫికేషన్‌గా వచ్చే శీర్షిక ఒంటరిది, ఒక్కోసారి సగంలో తెగి వస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థల పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ట్విటర్‌లో పంచుకున్న లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ క్లిక్ చేయలేదు. శీర్షిక ఊరేగింది, వార్త ఇంట్లోనే ఉండిపోయింది. వార్త చదివినా పూర్తిగా విరుగుడు కాదని ఉల్‌రిచ్ ఎకర్ బృందం 2014లో చూపింది. తప్పుదోవ పట్టించే శీర్షిక పెట్టిన వార్తను పూర్తిగా చదివినవారిలోనూ, తర్వాత వారికి గుర్తున్నదాని మీద, దాని నుంచి వారు ఊహించినదాని మీద ఆ శీర్షిక ప్రభావం కనిపించింది. ఆ ప్రయోగం సందిగ్ధత గురించి కాదు. అయినా మొదట కుదిరిన అర్థం ఎంత మొండిదో అది చెబుతుంది.

భాష నేర్చుకునేవారికి ఇప్పుడు మరో మధ్యవర్తి వచ్చింది. ఫోనులోని యంత్రానువాదం శీర్షికను క్షణంలో మార్చి ఇస్తుంది. మూలంలో రెండర్థాలుంటే అది ఒకదాన్ని ఎంచుకుంటుంది, రెండోది ఉందని సాధారణంగా చెప్పదు. ‘కోరుతోంది’ అని తెరమీద కనబడగానే ‘పెరుగుతున్నాయి’ అన్న అవకాశం చెరిగిపోతుంది. విద్యార్థి చేయి ఆగాల్సిన చోట యంత్రం ఆగకుండా దాటేసింది, ఆ ఆగడమేమో పాఠంలో అసలు భాగం. యంత్రాన్ని తరగతిలో నిషేధించడం వృథా ప్రయాస. అదే శీర్షికను రెండు మూడు అనువాద సాధనాలకు ఇచ్చి, ఫలితాలు ఎక్కడ విడిపోయాయో చూడమనడం మెరుగు. అన్నీ ఒకే అనువాదం ఇచ్చినా మూలం స్పష్టంగా ఉందని అర్థం కాదు. ‘ఇద్దరు మంత్రుల కుమారులు’ అన్ని యంత్రాల్లోంచీ చెక్కుచెదరకుండా బయటికి రావచ్చు. ఎంతమందికి నోటీసులు అందాయన్న ప్రశ్న అప్పటికీ చదివేవారే వేసుకోవాలి.